కాంటా కాడ ఐదో బండి

ఖాడీ — సముద్రపు పాయ — దాటినంక, ఉప్పు మడుల నడుమ, రోడ్డు పక్కన బంద్ పడ్డ కాంటా ఒకటి ఉన్నది. లారీలను నిలబెట్టి తూకం వేసిన జాగ. ఇప్పుడు తూకం లేదు, వేసే మనిషి లేడు. తుప్పు పట్టిన ఇనుప పలక, దాని పక్కన అద్దాలు పగిలిన చిన్న గది — అంతే మిగిలినయి.

ఆ జాగకు మంచి పేరు లేదు.

మా కామాటిపురలో డ్రైవర్లున్న ఇండ్లన్నింటికీ ఆ కాంటా సంగతి తెలుసు. ఖాళీ లారీని ఎక్కించినా అది ఒక మనిషి బరువు ఎక్కువ చూపించేదట. మిస్త్రీని పిలిపించి విప్పి చూసినరట, సరి చేసినరట... మళ్ల అంతే. ఒక మనిషి ఎక్కువ. జగడాలు పడీ పడీ కాంటా యజమాని తాళం వేసి పోయిండు. అప్పటినుంచి ఆ దిక్కు పోయే డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టరు. పాట పెట్టుకుంటే బంద్ చేస్తరు. గది దిక్కు అసలే చూడరు.

నేను ఆ జాగను చూడలే. విన్నదే చెప్తున్న. కొంత శైలేశన్న నోట విన్న, కొంత భూదేవత్త నోట విన్న. ఇద్దరిదీ మా చాలే — ఒంటి గదుల వరుసలున్న పెద్ద బిల్డింగు — ఒకే గ్యాలరీ. శైలేశన్న గొంతు తగ్గించి చెప్తుంటే గ్యాలరీల బల్బు గూడ కొంచెం తగ్గినట్టనిపించేది నాకు.

ముందు ఆ బండ్ల సంగతి చెప్పాలె.

శైలేశన్న కంపెనీల నాలుగు పెద్ద లారీలు రాత్రిపూట రేవు నుంచి గోదాముకు వరుసగ పోతయి. కొత్త రకం బండ్లు. ముందు బండిని శైలేశన్న నడుపుతడు. వెనక మూడింటిని ఎవరూ నడపరు — అంటే మనుషులు కూసుంటరు, కానీ చేతులు ఒళ్లె పెట్టుకొని కూసుంటరు. ముందు బండి వైర్‌లెస్‌ల బ్రేక్ అని చెప్తే వెనకవి బ్రేక్ వేసుకుంటయి. తిరుగు అంటే తిరుగుతయి. ఒకదాని తోక ఒకటి పట్టుకున్నంత దగ్గరగ పోతయి. చీకట్ల ఆ ఎర్ర దీపాలు దండ గుచ్చినట్టు పోతుంటే ఎంత ముద్దుగ ఉంటదో అని నేను ఊహించుకునేదాన్ని.

"ముద్దు గాదు పోరీ," అన్నడు శైలేశన్న ఒకసారి. "స్టీరింగ్ పట్టుకుంటే కనీసం చేతికన్న ఒక తోడుంటది. వెనకోళ్లకు అది గూడ లేదు."

ఆ వెనకోళ్లలో బాలనర్సయ్య మామ ఒకడు. భూదేవత్త పెనిమిటి. ఆయనది ఎప్పుడూ ఆఖరి బండే. కంపెనీ ఇచ్చింది కాదు, అడిగి తీసుకున్నది. మనిషి గుణమే అంత. పొద్దున సండాస్ కాడ లైన్ల నిలబడితే, వెనక వచ్చినోళ్లను "నువ్వు పో... నువ్వు పో తమ్మీ, నీకు డ్యూటీ ఉన్నది" అనుకుంట పంపి, ఆఖరికి తనే మిగిలేటోడు. పెండ్లిండ్లల్ల ఆఖరి బంతిల కూసునేటోడు. నల్లా కాడ ఆయన వంతు వచ్చేసరికి నీళ్లు బంద్ అయ్యేటియి.

భూదేవత్త తిట్టేది. "అందరు ముందటికి ఉరుకుతుంటే ఈయన ఎనక నిలవడి దారి ఇడుస్తడు. దేవుడు పంచేటప్పుడు గూడ గిట్లనే నిలవడ్డట్టున్నడు."

ఆయన నవ్వేటోడు. మాటలు తక్కువ మనిషి.

పోయినేడు దసరా అయినంక ఒక రాత్రి... నాలుగు బండ్లు ఎప్పటిలెక్కనే బయలుదేరినయి. శైలేశన్న నిద్ర ఆపుకునేటందుకు వైర్‌లెస్‌ల మాట్లాడుకుంట పోతుండు. బిడ్డను మరాఠీ బడిల వెయ్యాల్నా, ఇంగ్లీషు బడిల వెయ్యాల్నా అని నర్సన్నను — బాలనర్సయ్య మామను ఆయన అట్లనే పిలిచేటోడు — సలహా అడుగుతుండు. అవతలి నుంచి జవాబు రాలే. అది ఆయనకు అలవాటే — నర్సన్న వింటడు, ఎప్పుడో ఒక మాట అంటడు. అందుకే తన బాధ తను చెప్పుకుంటనే పోయిండు.

గోదాముల నాలుగు బండ్లు గీత గీసినట్టు సక్కగ ఆగినయి.

ముగ్గురు దిగినరు.

నాలుగో మనిషి దిగలే.

గుండె ఆగి ఎంత సేపయిందో డాక్టర్లు గూడ సరిగ చెప్పలే. బండికి మాత్రం ఏం తెల్వదు. సీటు మీద బరువుంటే మనిషి ఉన్నట్టే అనుకుంటది. మలుపులు తిరిగింది, బ్రేకులు వేసింది, ముందు బండి చెప్పినవన్నీ చేసింది... పానం లేని మనిషిని కూసోబెట్టుకొని. కాంటా కాడ మాత్రం ఆయన ఒకసారి మైకు బటన్ నొక్కిండట. అది కంపెనీ వాళ్ల కంప్యూటర్ల కనబడ్డది. మాట రాలే. నొక్కిండు... వదిలేసిండు.

ఎవరన్న చూసేటందుకు ఆయన వెనక ఇంకో బండి లేదు.

ఆ బండిల మళ్ల కూసునేటందుకు ఎవరూ ఒప్పుకోలే. కంపెనీ అమ్మేసింది. కొన్నోడు దాన్ని ముక్కలు ముక్కలు చేసి భంగార్ బజార్ల, పాత ఇనుము కింద అమ్ముకున్నడు. ఆఖరి జాగల ఇంకో బండి వచ్చింది, అతుల్ అనే డ్రైవర్ వచ్చిండు.

అంతటితో అయిపోవాలె. కానీ మా చాల్‌ల ఒక అలవాటు ఉన్నది.

పోయిన మనిషికి మొదటి పెత్రమాసకు బియ్యం ఇచ్చేదాక ఆ మనిషి పేరును మావోళ్లు ఎక్కడా తీసెయ్యరు. తలుపు మీద పేరు తుడవరు. ఫోన్లల్ల నంబరు కొట్టెయ్యరు. పెత్రమాస అమాస నాడు పోయినోళ్లు ఇంటికి వస్తరు గదా, పేరు లేకపోతే ఇల్లు దొరకక గల్లీలు పట్టుకొని తిరుగుతరని మా ముసలోళ్లు అంటరు.

కంపెనీ యార్డుల బండ్ల పేర్లు కంప్యూటర్ల ఎక్కించేది, తీసేది లస్మయ్య కాక. ఆయనదీ మా గల్లీనే. పేరున్న బండినే మిగిలిన బండ్లు వరుసల కలుపుకుంటయి. వెనక ఎవరున్నరో ముందటోనికి తెలిసేటట్టు ఏ బండికి ఆ డ్రైవర్ పేరే పెట్టినరు. బండి అమ్మిన రోజే పేరు తీసెయ్యాలె. కాక తియ్యలే.

"పెత్రమాస అయినంక తీస్త," అన్నడట. "పేరే గదా, అన్నం అడుగుతదా?"

భూదేవత్త ఆయనకు రెండు చేతులెత్తి మొక్కింది.

ఇగ ఎండకాలం మొదట్ల... ఒక రాత్రి.

బండ్లు వంతెన దిగి ఉప్పు మడుల్లకు వచ్చినయి. వెన్నెల. ఉప్పు కుప్పలు తెల్లగ, ముసుగేసుకొని కూసున్న ఆడోళ్ల లెక్క ఉన్నయట. శైలేశన్న పాట బంద్ చేసిండు. గది దిక్కు చూడకుండ పోతుండు.

టంగ్ — అని మోగింది.

ఆయన పక్కన ఒక తెర ఉంటది. దాని మీద నాలుగు బండ్లు పిల్లల బొమ్మల లెక్క వరుసగ కనబడ్తయి. ఇప్పుడు వాటి వెనక ఐదోది... మిణుకు మిణుకు మంటున్నది. కింద హిందీల అక్షరాలు. బాలనర్సయ్య వరుసల కలుస్తనంటున్నడు, ఒప్పుకుంటవా? — అని. పక్కన పచ్చ బటన్ ఒకటి, ఎర్ర బటన్ ఒకటి.

శైలేశన్న ఎర్రది నొక్కిండు.

కొంచెం సేపటికి మళ్ల — టంగ్.

"అతుల్..." మైకుల గుసగుసగ అన్నడు. "ఎనక చూడు రా. ఎవరన్న వస్తున్నరా?"

"పీఛే? పీఛే కోయీ నహీ దాదా. ఖాళీ రోడ్డు." కొంచెం ఆగి, "క్యా హువా?"

"ఏం లే."

తెర మీద పేరు అట్లనే ఉన్నది. మిణుకు మిణుకు... తొందర లేదు. తలుపు కాడ నిలబడి, పిలిస్తేనే లోపలికి వస్తనన్నట్టు.

అప్పుడు శైలేశన్నకు ఆ బటన్ యాదికొచ్చింది. నొక్కి, ఏం చెప్పలేక వదిలేసిన బటన్. ఆ రాత్రి తను బిడ్డ బడి గురించి చెప్పుకుంటనే పోయిండు. వెనక్కి తిరిగి 'అన్నా, ఉన్నవా?' అని ఒక్కసారి అడగలే.

పచ్చది నొక్కిండు.

తెర మీద ఐదు బండ్లు. అద్దంల చూస్తే నాలుగే. అట్లనే పోయినరు... గోదాం మలుపు దాక. అక్కడ ఐదోది తనంతల తనే ఆరిపోయింది.

మరునాడు మళ్ల. ఆ మరునాడు మళ్ల. ఎప్పుడూ కాంటా కాడనే, ఎప్పుడూ ఆఖర్నే. శైలేశన్న కంపెనీల ఎవరికీ చెప్పలే. చెప్తే పేరు తీసేస్తరని భయం. భూదేవత్తకు మాత్రం చెప్పిండు. ఆమె బియ్యంల రాళ్లు ఏరుతున్నది. చెయ్యి ఆగింది.

"ఏమన్న మాట్లాడుతడా?"

"మాట్లాడడు వదినె. ఎనక వస్తడు, అంతే."

"ఇంట్ల గూడ అంతే," అన్నది ఆమె. మళ్ల రాళ్లు ఏరుకున్నది.

విన్నప్పుడు నాకు భయం కాలే, ఏడుపొచ్చింది. అంత పెద్ద రోడ్డు, అంత వెన్నెల... బండి లేదు, మనిషి లేడు, ఒట్టి పేరు మాత్రం తోడు అడుక్కుంట వస్తున్నది.

పెత్రమాస ఎల్లుండనంగ సీమా వచ్చింది. కంపెనీల ఇంజనీరు, వర్లి చాల్‌ల పెరిగిన మన తెలుగు పిల్లనే. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకముందే శైలేశన్న మీద పడ్డది.

"శైలేశ్ దాదా, భంగార్ల పోయిన బండిని నువ్వు రోజు వరుసల కలుపుకుంటున్నవా?"

"అడిగిండు, కలుపుకున్న. నీ డీజిల్ ఏమన్న తాగిండా?"

"మజాక్ నకో దాదా, పరాచికాలొద్దు. నాకు నిన్ననే కనబడ్డది. రాత్రంత నిద్ర లేదు నాకు."

గ్యాలరీల స్టూలు మీద కూసొని మెల్లగ చెప్పింది. నేను తలుపు పక్కకు నిలబడి విన్న. ప్రతి బండిల ఒక డబ్బా ఉంటదట. ఆ డబ్బాల ఒక తాళం చావి ఉంటదట. చేతికి దొరికే చావి కాదు, లెక్కల చావి. దాంతోనే బండి తన పేరు చెప్పుకుంటది. మిగిలిన బండ్లు మనిషిని చూడయి, టైర్లు చూడయి. చావి సరిపోతే నమ్ముతయి.

"బండిని ముక్కలు చేసినోడు ఆ డబ్బాను పారేసిండా, అమ్మిండా, ఎవరికి తెలుసు? అది ఎవని చేతిల ఉంటే..." సీమా ఊపిరి తీసుకున్నది. "వాడే బాలనర్సయ్య."

చాయ్ తెస్తున్న భూదేవత్త గడప కాడనే ఆగింది.

"ఎవడు?" అన్నది. "ఎవడు బాలనర్సయ్య?"

కింద గల్లీల ఎవరో తోపుడు బండిని లాక్కపోతున్నరు, దాని చక్రం కిర్రుమంటున్నది.

"కోపం చెయ్యకు అత్తా," అన్నది సీమా. "లేని బండి ఒకటి వరుస నడుమ దూరి, నేను బ్రేక్ వేస్తున్న అని అబద్ధం చెప్తే... వెనకవి నిజమనుకొని ఆగుతయి. అంత దగ్గరగ పోయే బండ్లు, వానకు తడిసిన రోడ్డు. వెనక ముగ్గురు మనుషులున్నరు. వాళ్లకు గూడ ఇండ్లున్నయి. ఆ పేరు ఇయ్యాలనే తీసేస్త."

"ఎండకాలం నుంచి వస్తుండు," అన్నడు శైలేశన్న. "ఒక్కనాడు అబద్ధం చెప్పలే."

భూదేవత్త గ్లాసు కింద పెట్టింది. "ఎల్లుండే పెత్రమాస బిడ్డా. ఏడాది ఆగిన. బియ్యం ఇచ్చేదాక ఆగు."

సీమా తలుపు దిక్కు చూసింది. నీలం రంగుతోని రాసిన పేరు, కొంచెం పెచ్చులూడింది. వర్లిల వాళ్ల నానమ్మ గూడ పెత్రమాసకు పేరు పేరున పిలిచి బియ్యం ఇచ్చేదట.

"ఎల్లుండి బియ్యం ఇచ్చినంక తీసేస్త," అన్నది ఆఖరికి. "అప్పటిదాక ఎవరడిగినా ఎర్రదే నొక్కు దాదా. ఒట్టు పెట్టు."

"ఒట్టు."

మరునాడు చీకటి పడ్డంక భూదేవత్త శాలువ కప్పుకొని మెట్లు దిగింది. యార్డు గేటు దాటినంక, ముందుగల అనుకున్న జాగల, శైలేశన్న బండి ఆపిండు. డ్రైవర్ పక్కన ఎవరినీ ఎక్కించుకోవద్దని కంపెనీ రూలు. అయినా చెయ్యిచ్చి పైకి లాగిండు.

"చూడాలని కాదు శైలేశా," అన్నది ఆమె ఎక్కి కూసొని. "చూసేటందుకు ఏముంటది? వస్తుండని తెలిస్తే సాలు. రేపు బియ్యం ఇచ్చేటప్పుడు చెయ్యి వణకదు."

ఆయన బండి కదిలించిండు.

"ఈ చక్రం దానంతల అదే తిరుగుతదట గదా?"

"ముందుదాన్ని నేనే తిప్పాలె వదినె. ఎనకోళ్లదే తిరుగుతది."

"ఆయన చేతులెక్కడ పెట్టుకునేటోడు మరి?"

"ఒళ్లె, వదినె," అన్నడు శైలేశన్న.

సన్నగ వాన మొదలైంది. వంతెన వచ్చింది... పోయింది. రెండు దిక్కుల నల్లటి నీళ్లు. ఉప్పు బురద వాసన. ఇండ్లు లేవు, దీపాలు లేవు. భూదేవత్త జీవితంల అంత ఖాళీని చూడలేదట. మా చాల్‌ల పక్కింటోళ్లు దగ్గితే మనకు మెలకువ వస్తది. ఇక్కడ మనిషి సచ్చిపోయినా... అనుకున్నదట.

కాంటా గది నల్లగ కనబడ్డది.

టంగ్.

ఇద్దరూ ఉలిక్కిపడ్డరు. తెర మీద పేరు. భూదేవత్తకు హిందీ చదవరాదు, అయినా ఏం రాసుందో అర్థమయింది.

"ఆయనేనా?"

"ఆయనే."

శైలేశన్న చెయ్యి ఎర్ర బటన్ దాక పోయి ఆగింది. పెట్టిన ఒట్టు ఒక దిక్కు. పక్కన కూసున్న మనిషి ఒక దిక్కు.

"నొక్కు శైలేశా," అన్నది ఆమె. "ఇయ్యాల ఒక్కనాడు... రమ్మను."

ఆయన వేలు పచ్చదాని మీదికి జరిగింది.

అప్పుడు ఆమె బొమ్మలను చూసింది. ఒకటి... దాని వెనక మిణుకు మిణుకు మనేది... దాని వెనక మూడు.

"ఇదేంది? గీడ ఎందుకున్నది?"

"ఇయ్యాల మన ఎనకనే జాగ అడుగుతుండు వదినె. నడుమల కలుస్తనంటుండు."

టంగ్. టంగ్.

భూదేవత్త ఆయన మణికట్టు పట్టుకున్నది. ఎంత గట్టిగ అంటే, గోర్ల గుర్తులు తెల్లారి గూడ ఉన్నయట.

"నొక్కకు."

"వదినె —"

"ఆయన నడుమల దూరడు." ఆమె గొంతు మారిపోయింది. "సండాస్ లైన్ల గూడ దూరలే ఆ మనిషి. సచ్చినంక దూరుతడా? ముగ్గురిని ఎనకకు నూకి ముందటికొస్తడా? ఇది ఆయన కాదు. ఎవడో ఆయన పేరు తొడుక్కున్నడు."

చెయ్యి చాపి తనే నొక్కింది. ఎర్రది.

టంగ్ టంగ్ టంగ్ — ఊపిరాడకుండ మోగింది. నర్సన్న ఎన్నడూ అట్ల తొందర పెట్టలే. ఆమె నొక్కుతనే ఉన్నది. ఎర్రది. ఎర్రది. ఎర్రది.

బండి కాంటా ముందటికి వచ్చింది. ఇన్నేండ్లల్ల మొదటిసారి శైలేశన్న ఆ గది దిక్కు చూసిండు.

గదిల వెలుతురున్నది. నీలంగ. ఆ వెలుతుర్ల రెండు మొఖాలు...

మీసాలు గూడ సరిగ రాని మొఖాలు. ఒళ్లె ల్యాప్‌టాప్. గది వెనక లైట్లు బంద్ చేసిన టెంపో. దాని పక్కన ఇనుప రాడ్లు పట్టుకొని ఇంకొందరు. ఒకడు తలెత్తి శైలేశన్నను చూసిండు. రెండు రెప్పపాట్లంత సేపు. దయ్యం మనిషిని చూసి భయపడ్డట్టు చూసిండట.

"ఎవరూ ఆగొద్దు!" మైకుల అరిచిండు శైలేశన్న. "అతుల్, రుక్‌నా నహీ! నా ఎనకనే రాండ్రి!"

నాలుగు బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకొని కాంటా దాటినయి.

శైలేశన్న ఫోన్ చేస్తే, పోలీసులు ఆ టెంపోను వంతెన ఎక్కకముందే పట్టుకున్నరు. నడుమల దూరి, బ్రేక్ అని అబద్ధం చెప్పి, వెనక మూడు బండ్లను చీకట్ల ఆపి సామాను దించుకుందామని వాళ్ల ప్లాన్. ఆ డబ్బా టెంపోలనే దొరికింది, టేపు చుట్టిన కొత్త బ్యాటరీతోని.

పెత్రమాస పొద్దున భూదేవత్త బియ్యం ఇచ్చింది. పేరు పెట్టి పిలిచింది. చెయ్యి వణకలే. ఆ వెంటనే సీమాకు ఫోన్ చేయించింది.

"తీసెయ్యి బిడ్డా. ఎవడు పడితే వాడు ఆయన పేరు తొడుక్కొని తిరుగుడు నాకొద్దు."

లస్మయ్య కాక తన చేతులతోనే తీసేసిండు. పైనోళ్లతోని తిట్లు గూడ తిన్నడు.

చాల్ అంత ఒకటే నవ్వులు. "ఏం శైలేశన్నా, దయ్యానికి టోల్ గూడ నువ్వే కట్టినవా?" అని పోరగాళ్లు. "దయ్యానికి ల్యాప్‌టాప్ ఉన్నది, నాకు ఇంక లేకపాయె," అని ఇంకొకడు. శైలేశన్న గూడ నవ్విండు. నాకైతే లోపల చిన్నబోయినట్టయింది. దొంగలేనా... ఎండకాలం నుంచి వచ్చింది దొంగలేనా, అని.

దసరా దగ్గరికొచ్చినంక ఒక సాయంత్రం సీమా మళ్ల వచ్చింది. ఈసారి మెట్లు మెల్లగ ఎక్కింది. శైలేశన్న డ్యూటీకి తయారయితున్నడు. భూదేవత్త గడప కాడ కూసున్నది. నేను పక్కన.

"దాదా, ఒక మాట. నీకు మొదటిసారి ఎప్పుడు కనబడ్డది?"

"చెప్పిన గదా. ఎండకాలం మొదట్ల."

"ఆ పోరలు డబ్బాను పెత్రమాసకు వారం ముందట కొన్నరు."

శైలేశన్న టవల్ మడత పెడుతున్న చేతులు ఆగినయి.

"అంతకుముందు అది భంగార్ దుకాణంల ఉన్నది," అన్నది సీమా. "గోనె సంచి అడుగున. పోలీసులతోని నేను గూడ పోయి చూసిన. తీగలు కోసేసి ఉండె. బ్యాటరీ లేకుండె. దానికి కరెంటే లేదు దాదా... అది మాట్లాడలేదు."



"మరి —" అన్నడు శైలేశన్న.

"సిస్టమ్‌ల ఏదో పాత మాట మిగిలిపోయి ఉంటదని రిపోర్టు రాసిన." ఆమె ఎవరి మొఖం చూడలే. "వేరే ఏం రాయాల్నో తెలియలే."

భూదేవత్త నోరు తెరిచింది. అంత మెల్లగ ఆమె మాట్లాడంగ నేను ఎన్నడూ వినలే.

"ఇప్పుడు... ఇప్పుడు ఆయన అడిగితే?"

సీమా తల అడ్డంగ ఊపింది.

"కనబడదు అత్తా. పేరు తీసేసినంక ఆ పేరుతోని ఏ మాట వచ్చినా బండ్లు చెవిన పెట్టయి. అక్కడికక్కడే పారేస్తయి. అడిగిండని గూడ తెర మీద రాదు."

"అంటే అడుగుతుండొచ్చు."

"అత్తా..."

"రోజు."

శైలేశన్న టవల్ భుజాన వేసుకున్నడు. మెట్లు దిగి పోయిండు. ఆ రాత్రి గూడ నాలుగు బండ్లు ఖాడీ దాటినయి. ఉప్పు మడుల కాడ వెన్నెల మంచిగ ఉన్నదట. కాంటా గది పక్కకు వచ్చినంక ఆయన తెర దిక్కు చూసుకుంటనే పోయిండట... అది దాటేదాక.

నాలుగే కనబడ్డయట.